నిండుకున్నాయి

పుట 61. సోమవారం

ఈ సరుకు పుస్తకం చేత్తో రాయాలని మందుల శాఖవారి నియమం. గోడమీది పెట్టె విన్నది ఒకటి, మనిషి రాసింది ఒకటి ఉంటే, తేడా వచ్చినప్పుడు పట్టుకోవచ్చట. పదేళ్ళుగా రాస్తున్నాను, ఒక్కరూ వచ్చి చూసిన పాపాన పోలేదు. చూడనివాళ్ళ కోసం పద్ధతిగా రాయడం దేనికని, నాకు తోచింది రాసుకుంటున్నాను. ఏ ఇన్స్పెక్టరు బాబైనా ఇది చదువుతుంటే ఏమీ అనుకోకండి, మీరు బాగా ఆలస్యంగా వచ్చారు.

ఇవాళ మా వీధిలో ముప్పై నాలుగో మందుల కొట్టు తెరిచారు. మొన్నటిదాకా అక్కడ సుభద్రమ్మ ఇడ్లీ హోటలుండేది. ఆకలి కట్టే మాత్ర వేసుకుని బయల్దేరేవాళ్ళు పెరిగాక ఆవిడ పొయ్యి చల్లారిపోయింది. అంతకుముందు బార్బరు షాపు పోయింది, దానికి ముందు సైకిళ్ళు బాగుచేసే ఆయన పాక పోయింది, అన్నీ మందుల కొట్లే అయ్యాయి. నిద్రకి ఒకటి, మెలకువకి ఒకటి, ఆ రెండూ కలిస్తే వచ్చే కడుపుమంటకి ఇంకొకటి. బడికెళ్ళే పిల్లలకి కుదురు మాత్ర, వాళ్ళని పంపే తల్లులకి ఓర్పు మాత్ర. వీధిలో ఎదురుపడితే బావున్నారా అని అడగడం మానేశారు జనం. "వేసుకున్నారా?" అంటారు. "ఆఁ, ఇప్పుడే" అని జవాబు. ఒంటిగంటకి సైరన్ కూత వేస్తే ఊరంతా ఇళ్ళలోకి వెళ్ళి మధ్యాహ్నపు మోతాదు వేసుకుంటుంది. నేనూ వేసుకుంటాను. అమ్మేదాన్నే ముఖం చిట్లిస్తే బాగుండదు.

ముప్పై నాలుగు కొట్లున్నా నెమ్మది మాత్ర మాత్రం నా దగ్గరే. అది మునక కార్డు ఉన్నవాళ్ళకే ఇస్తారు, పేటకి ఒక్క కొట్టుకే పంపుతారు. మా మెరకపేటలో నలభై రెండు కార్డులు. సముద్రం మా లంకను మింగి పదకొండేళ్ళయింది. బతికి ఈ మెరకకి చేరి, ఇంకా మిగిలినవాళ్ళం ఈ నలభై ఇద్దరం. ఏడో నంబరు కార్డు మా అత్తయ్య మంగాయమ్మది, ఎనిమిదోది నాది.

నెమ్మది మరుపు మందు కాదు. మా ఆయన దొరబాబు, మా అమ్మాయి తులసి ఆ రోజు నీళ్ళలో పోయారని నాకు బాగా తెలుసు. తులసికి ఎనిమిదేళ్ళు. ఇవన్నీ తెలుసు, ఏ ఊరికి ఏ బస్సు వెళ్తుందో తెలిసినట్టు. గుచ్చుకోవు, అంతే. మాత్ర రాకముందు, మొదటి ఏడాది, గుచ్చుకునేవి. అప్పుడు మావాళ్ళు ఒక్కొక్కరే పాత లంక రోడ్డు పట్టుకుని నీళ్ళవైపు నడిచిపోయేవారు. దాన్ని దిగిపోవడం అనేవాళ్ళం. పంతొమ్మిది మంది దిగిపోయారు. మాత్ర వచ్చాక ఒక్కరూ దిగలేదు. మందుల కొట్లని ఎంత వెక్కిరించినా ఈ ఒక్క మాత్ర దగ్గర నా నోరు మూతపడుతుంది.

ఈ నెల నుంచి కొత్త నియమం పెట్టారు. అమ్మేవాళ్ళు వేరు, సరుకు చెప్పేవాళ్ళు వేరు ఉండాలట. సాయంత్రం ఆరింటికి గోడమీది పెట్టె ఒక్కో మందు పేరూ అడుగుతుంది, ఉందో లేదో ఇంట్లో ఇంకొకరు చెప్పాలి. ఆ ఇంకొకరు అత్తయ్యే. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఉతికిన చీర కట్టుకుని, పెట్టె ముందు స్టూలు వేసుకుని కూర్చుంది.

"భోంచేశావా నాయనా?" అని మొదలుపెట్టింది.

"ప్రశ్న అర్థం కాలేదు," అంది పెట్టె.

"పోనీలే. అడుగు."

ఇవాళే నలభై రెండు కార్డులకీ వారం షీట్లు ఇచ్చేశాను, నెమ్మది పెట్టే అర ఖాళీ అయింది. గురువారం బండిలో మళ్ళీ వస్తాయి. నేను లోపల అట్టపెట్టెలు సర్దుతుంటే "నెమ్మది మాత్రలు?" అని పెట్టె అడగడం, "నిండుకున్నాయి నాయనా" అని అత్తయ్య అనడం వినిపించింది. "సంతోషం," అంది పెట్టె. పరవాలేదు, దీనికి మర్యాద నేర్పారనుకున్నాను.

పుట 64. గురువారం

బండి వచ్చింది. పదకొండు పెట్టెలు దించారు. వాటిలో నెమ్మది లేదు. గ్యాసు మాత్రలూ లేవు గానీ అవి ఏ కొట్లోనైనా దొరుకుతాయి, ఎదురుకొట్టు నుంచి బదులు తెచ్చుకున్నాను.

డిపోకి ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది, మెత్తటి గొంతు.

"మీ దగ్గర నెమ్మది నిండుగా ఉన్నట్టు చూపిస్తోందండి మేడమ్."

"నా అర నాకు కనపడదా తల్లీ? ఒక్క షీటు లేదు."

"పెట్టె చెప్పిందే మాకు లెక్కండి. తప్పుంటే అర్జీ పెట్టండి, పదిహేను రోజుల్లో పరిశీలిస్తారు."

"పదిహేను రోజులకి మేముండొద్దూ?"

"అర్జీ పెట్టండి మేడమ్," అంది మళ్ళీ.

అర్జీ పెట్టాను. కానీ సోమవారం ఇచ్చిన షీట్లు ఆదివారంతో సరి. సోమవారం పొద్దున్నే నలభై మంది నా కౌంటరు ముందు నిలబడతారు. వాళ్ళ సంగతి ఏమో గానీ, నాకు మొదట కళ్ళముందు కదిలింది అత్తయ్యే. మొదటి ఏడాది ఆవిడ రెండుసార్లు ఆ రోడ్డెక్కితే రెండుసార్లూ నేనే వెనక్కి లాక్కొచ్చాను. ఇప్పుడు నా మోకాళ్ళకి అంత పరుగు లేదు.

అందుకని ఒక పని అనుకున్నాను. శుక్ర, శని, ఆదివారాల నా మాత్రలు మూడూ వేసుకోకుండా సొరుగులో దాస్తాను. అప్పుడు అత్తయ్యకి బుధవారం దాకా సాగుతుంది. ఈలోగా శాఖవారికి బుద్ధి పుడుతుందేమో చూడాలి.

ఒక చిన్న సంగతి. అత్తయ్య రోజూ మాత్రలు వేసుకునేటప్పుడు మంచినీళ్ళు పెద్ద గ్లాసుతోనే తాగుతుంది. కానీ పక్కన ఒక బుల్లి స్టీలు గ్లాసు కూడా నింపి పెట్టుకుంటుంది. అందులోవి తాగదు, తర్వాత మొక్కకి పోస్తుంది. పదకొండేళ్ళుగా చూస్తున్నాను, ఎందుకని నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు.

పుట 67. ఆదివారం

నాకిది మాత్ర లేని మూడో రోజు.

మొదటి రోజు ఏమీ లేదు. నిన్న వాసనతో మొదలైంది. కొట్టు తలుపు తెరవగానే తడి గడ్డివాము వాసన, మా లంకలో వాన వెలిశాక వచ్చేది. ఈ సిమెంటు వీధిలో గడ్డివాము ఎక్కడిది.

ఇవాళ పొద్దున అత్తయ్య మాత్రలు సర్దుతున్నాను. నా వెనక ఎవరో లెక్కపెడుతున్నారు. "ఎర్రది ఒకటి, తెల్లవి రెండు, సగం బిళ్ళ ఒకటి." తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతుందని భయం. తులసికి అప్పుడు పై పళ్ళు రెండూ ఊడాయి. 'స' అన్నప్పుడల్లా గాలి పోయి ఈల వచ్చేది. సగం బిళ్ళ అనడానికి అది పడే తిప్పలు చూసి వాళ్ళ నాన్న నవ్వేవాడు. ఆ ఈల విన్నాను. పదకొండేళ్ళు నా దగ్గర దాని పేరుంది, వయసుంది, పోయిన తేదీ ఉంది. గొంతు లేదు. లేదని కూడా నాకు తెలియదు.

కూర్చుండిపోయాను. మనసుకి కాదు, ఒంటికే నొప్పి, పక్కటెముకల కింద. భయం వేసింది, నిజం చెప్పాలంటే చాలా భయం వేసింది. ఆ భయంలోనే ఇంకోసారి అంటే బావుండుననీ అనిపించింది.

"వేసుకున్నావా?" అని లోపల్నుంచి అడిగింది అత్తయ్య.

"వేసుకున్నానండీ," అన్నాను.

సాయంత్రం ఆరింటికి పెట్టె అడిగింది, ఆవిడ చెప్పింది, సంతోషం అంది. నేను ముందు గదిలో నలభై కార్డుల పట్టీ ముందేసుకుని ఉన్నాను, చెవిన పెట్టలేదు.

పుట 68. సోమవారం

వచ్చారు, అందరూ వచ్చారు. లేవు అంటుంటే వాళ్ళ ముఖాలు చూడలేక కౌంటరు తుడుస్తూ చెప్పాను. ఎవరూ గొడవపడలేదు. గొడవపడినా బాగుండేది. ఇంట్లోవాళ్ళని కనిపెట్టుకుని ఉండండి, రోడ్డువైపు పోనివ్వకండి అని ఒక్కొక్కరికీ చెప్పాను.

చివర్లో సత్తిరాజు బాబాయి వచ్చాడు. మా లంకలో పడవ నడిపినవాడు. ఆ రోజు మొదటి పడవలో నన్నూ అత్తయ్యనూ ఒడ్డుకి చేర్చింది ఈయనే. ఒంటరి మనిషి, ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవాళ్ళు లేరు.

"ఒక్కటున్నా సాలమ్మాయ్. సగవైనా పర్లేదు."

నా మోకాలికి ఆనుకుని సొరుగుంది. అందులో ఇవ్వాల్టిది తీసేయగా ఇంకా రెండు మాత్రలున్నాయి.

"నిండుకున్నాయి బాబాయ్," అన్నాను.

"అలాగా." వెళ్ళకుండా నిలబడ్డాడు. "నిన్న సాయంత్రం నుంచీ ఆ తెడ్డు సప్పుడే వినిపిత్తందమ్మాయ్. ఆ రోజు దొరబాబు మళ్ళీ ఎల్దాం రా బాబాయ్ అన్నాడు. నీరు లేత్తంది, నేను రాన్రా అన్నాను. ఆడు సిన్న దోనె ఏసుకుని ఎల్లాడు. నేనెల్లుంటే నా పెద్ద పడవ తట్టుకునేదేమో."

"ఎందుకిప్పుడవన్నీ? ఇంటికెళ్ళి పడుకో బాబాయ్," అన్నాను. విసురుగానే అన్నాను. ఆ మాటలు నాలో ఎక్కడ తగులుతున్నాయో నాకు తెలుస్తోంది, అందుకు.

"ఎల్లొత్తానమ్మాయ్," అని వెళ్ళాడు.

పుట 69. మంగళవారం

బాబాయి మళ్ళీ వచ్చాడు. మాత్ర అడగలేదు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కౌంటరు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు.

"మంగాయమ్మొదిన బావుందా?"

"బావుంది బాబాయ్. నువ్వో?"

"బానే ఉన్నాను. మరి ఎల్తానమ్మాయ్."

ఆయన మెట్లు దిగాక ఆ మాట తట్టింది. మావాళ్ళలో ఎవరూ వెళ్తాను అనరు. పక్కవీధికి పోయినా వెళ్ళొస్తాను అనే అంటాం. ఎవరైనా వెళ్తాను అంటే పెద్దవాళ్ళు తిట్టి మరీ మార్పిస్తారు. బాబాయి డెబ్భై ఏళ్ళ జీవితంలో ఆ మాట అలా అని ఉండడు.

కొట్లో అప్పుడు నలుగురున్నారు, నిద్ర మాత్రలకి వచ్చినవాళ్ళు. వాళ్ళని పంపేసి చూద్దామనుకున్నాను. సొరుగు తీసి చూశాను. ఒక్క మాత్రే మిగిలింది, రేపటిది. పరుగెత్తుకెళ్ళి అది ఆయన చేతిలో పెట్టొచ్చు. సొరుగు మూసేశాను.

ఇది పుస్తకంలో రాయాలి. రాస్తున్నాను.

పుట 70. బుధవారం

పాత లంక రోడ్డు నీళ్ళలోకి దిగేచోట సత్తిరాజు బాబాయి చెప్పులు దొరికాయి. పక్కపక్కనే పెట్టి ఉన్నాయి, గుమ్మం బయట విప్పినట్టు.

కార్డులు నలభై ఒకటి. పేటవాళ్ళు వంతులవారీగా రోడ్డుమీద కాపలా కూర్చుంటున్నారు. పొద్దున చివరి మాత్ర అత్తయ్యకి వేశాను. బాబాయి సంగతి ఆవిడకి చెప్పలేదు. ఎవరో చెప్పే ఉంటారు, ఏమీ అడగలేదు.

నాకు ఇవాళ మొత్తం వచ్చింది. ఒక్కసారే వచ్చింది, మధ్యాహ్నం కూత మోగుతుండగా.

ఆ రోజు మొదటి పడవలో మేం ముగ్గురం ఒడ్డుకి చేరాం, నేను, అత్తయ్య, తులసి. వాళ్ళ నాన్న దోనెలో మా వెనకే వచ్చాడు. నలుగురం ఒడ్డు మీదున్నాం. మెరక మీద, పొడి నేలమీద, నలుగురం. అప్పుడు నేను మూటలు వెతికి అత్తయ్య మందుల డబ్బా రాలేదని చూశాను. బీపీ మాత్రలు, గుండె మాత్రలు, అన్నీ అందులోనే. ఊళ్ళో మందుల షాపులో పనిచేసేదాన్ని, నాకు అన్నీ తెలుసు కదా. ఒక్కపూట తప్పితే ప్రమాదం అన్నాను. ఒక్కపూటకేం కాదులేవే అంది అత్తయ్య. మీకు తెలియదు ఊరుకోండి అని ఆయన్ని పంపాను. డబ్బా ఎక్కడుందో నాకు తెలుసు, కిటికీలో ఉంది అని తులసి దోనెలోకి గెంతింది. నేను దిగమనలేదు.

అత్తయ్య ఆ తర్వాత నెల రోజులు మాత్రలు లేకుండానే ఉంది. ఏమీ కాలేదు.

పుట 71. గురువారం

బండి వచ్చింది, నెమ్మది రాలేదు. ఆరింటికి కొట్లో ఎవరూ లేరు, నేను అత్తయ్య వెనకే నిలబడి ఉన్నాను. ఇన్నాళ్ళకి మొదటిసారి శ్రద్ధగా విన్నాను.

"నెమ్మది మాత్రలు?"

"నిండుకున్నాయి నాయనా. ఎప్పుడో నిండుకున్నాయి."

"సంతోషం. తర్వాత, గ్యాసు మాత్రలు?"

"అవీ నిండుకున్నాయి."

"సంతోషం."

స్టూలు పక్కకి వచ్చాను.

"అత్తయ్యా, అయిపోయాయి అని చెప్పండి."

ఆవిడ నన్ను వింతగా చూసింది. "అదేం మాటే? ఇంట్లో మందులు అయిపోయాయని దీపాలవేళ నోటితో అంటారా? బియ్యమైనా నిండుకున్నాయంటాం గానీ."

"దానికి ఆ మాట తెలియదండీ. నిండుగా ఉన్నాయనుకుంటోంది."

దానికి తెలుగు నేర్పినవాళ్ళ ఇళ్ళల్లో బియ్యం ఎప్పుడూ నిండుకుని ఉండవు. నేనూ తక్కువదాన్ని కాదు. పది రోజులుగా పక్కగదిలోంచి వింటూనే ఉన్నాను. నా చెవికి అది సరైన మాటే, అందుకే తప్పని తట్టలేదు. పైగా అదే మాట నా నోటితో బాబాయికీ చెప్పాను. ఆయనకి అర్థమైంది, పాపం. నేనే అబద్ధం చెప్పాను.

డిపో అమ్మాయికి ఫోన్ చేసి విషయం చెప్పాను.

"మా ఇంట్లో అయిపోయాయనే అంటామండి," అంది. "ఇలా కూడా అంటారని నాకు తెలీదు మేడమ్. సోమవారం బండిలో వేయిస్తాను. నేనే దగ్గరుండి వేయిస్తాను." మొదటి రోజు ఆ పిల్లని విసుక్కున్నందుకు బాధేసింది.

ఫోన్ పెట్టేసరికి అత్తయ్య స్టూలు మీద అలాగే ఉంది.

"అయితే సత్తిరాజు నా నోటిమాటకి పోయాడా?"

"కాదండీ."

"మరి?"

నేను కొట్టు తలుపు వెయ్యడానికి వెళ్ళాను. సోమవారం దాకా ఇంకా మూడు పగళ్ళు గడవాలి. ఆవిడకి మాత్ర లేకుండా ఇవాళే మొదటి రోజు.

పుట 72. శుక్రవారం

ఒంటిగంటకి కూత మోగింది. కౌంటరు దగ్గర ఎవరికో చీటీ చూసి మందులిచ్చి వెనక్కి తిరిగితే అత్తయ్య మంచం ఖాళీ. కిటికీలో బుల్లి గ్లాసు లేదు.

కొట్టు తెరిచి ఉండగానే పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. రోడ్డుమీద కాపలావాళ్ళు లేరు. మధ్యాహ్నపు మోతాదు వేసుకోవడానికి ఇళ్ళకి వెళ్ళారు. ఒంటిగంటకి ఈ ఊళ్ళో ఎవరూ ఎవరినీ చూడరు. మోకాళ్ళు తిట్టాయి, నేనూ వాటిని తిట్టాను. దారంతా ఒకటే మొక్కుకున్నాను, ఈవిడ కూడా నా చేతుల మీదుగా పోకూడదని.

తారురోడ్డు నీళ్ళలోకి జారే చోట, పాదాలు తడిసేంత దగ్గరగా కూర్చుని ఉంది. చేతిలో బుల్లి గ్లాసుంది. అందులో మంచినీళ్ళు.

"రండత్తయ్యా."

"ఉండవే. అది వెళ్ళొస్తానంది."

నేను పక్కన కూలబడ్డాను.

"ముందు వెళ్తున్నా నాన్నమ్మా అంది," అంది అత్తయ్య. "అలా అనకూడదు, వెళ్ళొస్తా అనవే అని కేకేశాను. దోనెలోంచి రెండుసార్లు అరిచింది. వెళ్ళొస్తా, వెళ్ళొస్తా అని. ఆ స దగ్గర ఈల వేసుకుంటూ. నీకు జ్ఞాపకం లేదూ?"

"మొన్ననే వచ్చింది."

"రోజూ బిళ్ళలు నా నోట్లో వేసి ఈ గ్లాసుతో నీళ్ళు పట్టేది. గ్లాసు నా కొంగులో ఉండిపోయింది. డబ్బా కిటికీలో ఉండిపోయింది."

అప్పుడు చెప్పేశాను. మళ్ళీ ఎప్పుడైనా చెప్పగలనో లేదో అని మొత్తం చెప్పాను. ఆ రోజు ఆయన్ని పంపింది నేను. మీరు ఒక్కపూటకేం కాదన్నా వినలేదు. మొన్న కూడా మీకోసం మూడు మాత్రలు దాచాను. సత్తిరాజు బాబాయి సగం బిళ్ళ అడిగితే లేవన్నాను. వెళ్తానన్నాడు, విన్నాను, సొరుగు మూసేశాను.

అత్తయ్య నీళ్ళవంకే చూస్తూ విన్నది. తిట్టలేదు. ఒకటొకటిగా వేళ్ళు మడిచింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు.

"ఎంతమందిని వేసుకున్నానే నేను?" అంది.

ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని, రోడ్డుమీద, మిట్టమధ్యాహ్నం. ఆవిడా ఏడ్చింది. వాళ్ళు పోయిన పదకొండేళ్ళకి, వాళ్ళ కోసం మేమిద్దరం కలిసి ఏడవడం ఇదే మొదటిసారి. నేను అడ్డుకోవడానికి వచ్చినదాన్ని. అయినా ఆవిడ లేచి ఆ నీళ్ళలోకి నడిస్తే నేనూ వెనకే నడిచేదాన్నని రాయకపోతే ఈ పుస్తకం అబద్ధమవుతుంది.

చాలాసేపయ్యాక అత్తయ్య గ్లాసులో నీళ్ళు సముద్రంలో పోసింది. నా భుజం పట్టుకుని లేచింది.

"వెళ్ళొస్తామే తల్లీ," అంది నీళ్ళకేసి.

మళ్ళీ వస్తామని చెప్పి, వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. నేను దారి పొడుగునా ఆవిడ చెయ్యి వదల్లేదు.

పుట 75. సోమవారం

బండి వచ్చింది. నెమ్మది రెండు పెట్టెలు వచ్చాయి, పైన డిపో అమ్మాయి చేత్తో రాసిన కాగితం. క్షమించండి అని రాసింది. పొద్దున్నుంచీ ముప్పై తొమ్మిది మందికి షీట్లు ఇచ్చాను. ఒక్కరినీ ఆపలేదు, ఒక్కరికీ నీతులు చెప్పలేదు. నాలుగు రోజులు కూతుర్ని మంచానికి కట్టేసి కాపాడుకున్న మనిషి చేతిలో మాత్ర పెట్టకుండా ఉండడానికి నేనెవర్ని. ఇంకో షీటు సత్తిరాజు బాబాయిది. అది కార్డుతో సహా వెనక్కి పంపాలి. మిగిలినవి ఏడో నంబరు, ఎనిమిదో నంబరు.

ఆ రెండు షీట్లూ కౌంటరు మీద పెట్టుకుని మేమిద్దరం వాటినే చూస్తూ కూర్చున్నాం.

శనివారం నాకు నరకం. ఆదివారం ఇంకా ఘోరం. నిన్న అత్తయ్య రెండుసార్లు గుమ్మం దాటబోయింది, ఒకసారి నేను. ఎవరు దాటబోతే రెండోవాళ్ళు కొంగు పట్టుకున్నాం. మధ్యలో అత్తయ్య నాకు తెలియని సంగతులు చెప్పింది. మా ఆయన చిన్నప్పుడు పీడకల వస్తే వంటింట్లోకి వచ్చి ఉప్పు తినేవాడట. తులసి ఒకసారి నాన్నమ్మ తెల్లబిళ్ళ ఒకటి కుక్కకి వేసి, అది నిద్రపోతే ఏడ్చిందట. ఇవి ఆవిడకీ ఇన్నాళ్ళూ గుర్తులేవు. మాట్లాడుతుంటే ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇంట్లో నలుగురున్నట్టుంది. భయంగానూ ఉంది.

మందులు రాకముందు మావాళ్ళు మాటలతోనే నెమ్మది చేసుకునేవారు. ఖాళీ అయినదాన్ని నిండుకుందన్నారు, ఆరిపోయిన దీపాన్ని కొండెక్కిందన్నారు, పోయేవాళ్ళ చేత తిరిగొస్తానని అనిపించారు. అదీ ఒక మోతాదే. దాన్ని పెట్టెకి ఎలా చెప్పాలో నాకు తెలియదు.

ఆరయింది. అత్తయ్య ఉతికిన చీర కట్టుకుని స్టూలు వేసుకుంది. సరుకంతా అడిగాక పెట్టె కార్డుల దగ్గరికి వచ్చింది. ఇది కొత్త. తప్పు జరిగింది కాబట్టి ఈ వారం నుంచి ఒక్కో కార్డుకీ వచ్చే వారం మాత్రలు కావాలా అని అడుగుతుందట. ఒకటి నుంచి ఆరు దాకా అత్తయ్య నోరు తిప్పుకుని, ఒక్కో ముక్కా విడగొట్టి, కావాలి అని చెప్పింది. బాగా నేర్చుకుంది.

"ఏడు, ఎనిమిది కార్డులు. మీ ఇంటికి నెమ్మది మాత్రలు కావాలా?"

అత్తయ్య నావైపు తిరిగింది.

"ఏం చెప్పనే?"

కౌంటరు మీద షీట్లు తీసి సొరుగులో పెట్టాను. పారేయలేదు, నాకంత ధైర్యం లేదు. రేపు పొద్దున ఇద్దరిలో ఎవరైనా ఆ సొరుగు తీయొచ్చు. తీస్తే తప్పని నేను అనను.

"మీ మాటే చెప్పండి," అన్నాను.

ఆవిడ ఒళ్ళో బుల్లి గ్లాసు పట్టుకుని పెట్టెవైపు తిరిగింది.

"వద్దు నాయనా. ఇంట్లో నిండుకున్నాయి."

"సంతోషం," అంది పెట్టె.